విరిగిన ఫ్యాన్ల గోడ

కాకినాడ జగన్నాథపురంలో ఉప్పుటేరు ఒడ్డున మా నాన్నకి ఒక లేతు షాపు ఉండేది. రేకుల కప్పు, మట్టి నేల, ఒక లేతు, ఒక డ్రిల్లు, ఓ మూల బొగ్గుల కొలిమి. వెనక గోడ నిండా మేకులు, మేకుల నిండా విరిగినవీ వంగినవీ ఫ్యాన్లు. ఫ్యానంటే ఇంటి కప్పుకి తిరిగేది కాదు, పడవ అడుగున నీళ్ళలో తిరిగేది. పుస్తకాల్లో దాని పేరు ప్రొపెల్లరు. మా రేవులో ఆ మాట అన్నవాణ్ణి నేను చూడలేదు.

ప్రతి ఫ్యాను కిందా నాన్న సుద్దముక్కతో ఒక్క మాట రాసేవాడు, అది ఎందుకు చచ్చిందో. "రాయి." "తాడు." "పురుగు." "తుప్పు." ఒక్కదాని కింద మాత్రం "ఆశ" అని ఉండేది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈ గోడ మళ్ళీ గుర్తు రావడానికి కారణం మా మేనల్లుడు. సౌతాంప్టన్‌లో ఉంటాడు. రెండేళ్ళ కిందట అక్కడ ఒక పాత మోటారు పడవ కొన్నాడు. ఇరవై అయిదు అడుగుల పొడుగు, నలుగురు పడుకునే చిన్న గది, పొయ్యి, డీజిల్ ఇంజను. ఈ ఏడు ఉగాది వెళ్ళాక దాన్ని ఒడ్డుకెక్కించి, అడుగు గీకించి, ఫ్యాను ఫోటో తీసి పంపాడు. "అత్తా, శుభ్రంగా తోమితే గులాబీ రంగు తేలింది, ఎంత బాగుందో చూడు" అన్నాడు.

నేను ముప్పై నాలుగేళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయినదాన్ని. లేతు ముట్టుకుని యాభై ఏళ్ళు దాటింది. అయినా ఆ రంగు చూడగానే కడుపులో దేవినట్టయింది. "సుత్తి తిరగేసి చెక్క పిడితో ఆ రెక్క మీద కొట్టు, ఫోను దగ్గర పెట్టు" అన్నాను. కొట్టాడు. మంచి ఫ్యానైతే గుడిగంటలా కాకపోయినా కంచు గిన్నెలా కాసేపు మోగాలి. ఇది ఠప్పుమంది. బీట తీసిన కుండ చప్పుడు.

"దాంతో నీళ్ళలోకి దిగకు నాయనా. తీసెయ్యి."

"మరి కొత్తది ఏది కొననత్తా?"

సూటిగా జవాబు చెప్పడం చరిత్ర మేష్టర్ల వల్ల కాదు. మూడు ఆదివారాలు పట్టింది నాకు. ఆ మూడు ఆదివారాలూ చెప్పింది ఒకటే: ఈ ఫ్యాను గురించి మనిషికి తెలిసినదంతా ఏదో ఒకటి విరిగితేనే తెలిసింది.

మొట్టమొదటి పాఠమే అలా వచ్చింది. లండన్ పక్కన హెండన్‌లో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అని పశువులు మేపుకునే రైతు ఉండేవాడు. పడవ బొమ్మలంటే పిచ్చి. 1836 మే 31న నీళ్ళలో తిరిగే మర మీద పేటెంటు తీసుకున్నాడు. ఆరు వారాలకి జాన్ ఎరిక్సన్ అనే స్వీడన్ ఇంజనీరు కూడా అదే లండన్‌లో తన పేటెంటు తీసుకున్నాడు. స్మిత్ మర ఇప్పటి ఫ్యానులా ఉండేది కాదు. చెక్కతో చేసిన పొడుగాటి స్క్రూ, రెండు పూర్తి మెలికలు. మెలికలు ఎన్ని ఎక్కువుంటే నీటిని అంత గట్టిగా పట్టుకుంటుందని అందరి నమ్మకం, అతనిదీ అదే. ఆరు టన్నుల పడవకి దాన్ని బిగించి పాడింగ్టన్ కాలవలో తిప్పుతుంటే, 1837 ఫిబ్రవరిలో ఒకరోజు దేనికో కొట్టుకుని స్క్రూ సగం ఊడిపోయింది. పడవ ఆగిపోవాలి కదా? పరుగెత్తింది. గంటకి నాలుగు మైళ్ళు పోయేది ఎనిమిది మైళ్ళు పోయింది. ఒక మెలిక చాలు, రెండోది భారమే అని కాలవే అతనికి చెప్పింది.

ఆ తర్వాత మెలిక ఇంకా కురచై రెక్కలుగా విడిపోయింది. ఇంత లోహం ఉంటే ఇంత పట్టు అన్న లెక్క నీళ్ళ దగ్గర చెల్లదు. నీళ్ళని పట్టుకోవాలి, వెంటనే వదలాలి. ఇది నాన్న మాట. స్మిత్ పేరు ఆయన ఎన్నడూ విన్నవాడు కాదు.

అంతకు ముందే 1829లో ట్రియెస్ట్ రేవులో యోసెఫ్ రెస్సెల్ అనే అడవుల అధికారి స్క్రూ పడవ నడిపాడు. కొద్ది దూరం పోయాక ఆవిరి గొట్టం పగిలింది, పోలీసులు ఇక వద్దన్నారు. విరిగింది ఫ్యాను కాదు, గొట్టం. అయినా అక్కడితో ఆ కథ ముగిసింది. విరిగినప్పుడు ఎందుకు విరిగిందని అడిగే మనిషి పక్కన ఉండటం కూడా అదృష్టమే.

స్మిత్ తర్వాత కట్టించిన ఆర్కిమెడీస్ అనే ఓడని బ్రూనెల్ అనే ఇంజనీరు 1840లో అద్దెకి తీసుకుని రకరకాల స్క్రూలు పెట్టి చూశాడు. చూసి, తాను కడుతున్న గ్రేట్ బ్రిటన్ ఓడకి నీళ్ళని తోసే పక్క చక్రాల ఆలోచన మానేసి స్క్రూ పెట్టించాడు. ఆ ఓడ ఇప్పుడు బ్రిస్టల్‌లో, పుట్టిన రేవులోనే ఉంది. 1970లో ఫాక్‌లాండ్ దీవుల నుంచి తెచ్చి అక్కడ పెట్టారు. మేనల్లుడు నన్ను తీసుకెళ్ళాడు. ఓడ చుట్టూ నీటి మట్టం దగ్గర గాజు పలకలు పరిచి పైన పల్చగా నీళ్ళు పారించారు. మెట్లు దిగితే నెత్తిమీద నీళ్ళు, కాళ్ళ కింద పొడి నేల. ఓడ వెనక్కి నడిచి వెళ్ళి తలెత్తి చూశాను. ఆరు రెక్కల ఫ్యాను, పదిహేనున్నర అడుగుల అడ్డం. అది మొదటిదానికి నకలు. అసలుది 1845లోనే అట్లాంటిక్ ప్రయాణాల్లో రెక్కలు రాల్చుకుంది, దాని చోట నాలుగు రెక్కలది వచ్చింది. "తాతయ్య అయితే దీని కింద ఏం రాసేవాడత్తా?" అన్నాడు మావాడు. "తొందర" అన్నాను.

చరిత్ర పుస్తకాలకి ఇష్టమైన బొమ్మ మరొకటుంది. 1845 ఏప్రిల్ 3న బ్రిటిష్ నౌకాదళం రెండు ఓడల తోకలు కలిపి కట్టింది. ఒకటి స్క్రూ ఓడ రాట్లర్, రెండోది పక్క చక్రాల అలెక్టో. రెంటి ఇంజన్లూ ఇంచుమించు సమానం. రెండూ ఎదురెదురు దిక్కులకి లాగాయి. రాట్లర్ అలెక్టోని రెండున్నర నాట్ల వేగంతో వెనక్కి ఈడ్చుకుపోయింది. ఆ రోజుతో స్క్రూ గెలిచిందని రాస్తారు. నిజానికి నౌకాదళం స్క్రూ ఓడలు కట్టాలని అప్పటికే తేల్చుకుంది. అసలు పని అంతకు ముందు ఏడాదిన్నర పాటు జరిగింది. అదే రాట్లర్ మీద ముప్పైకి పైగా పరీక్షలు చేశారు. ఒక స్క్రూ పెట్టడం, పోయి రావడం, తీయడం, కొంచెం కోయడం, మళ్ళీ పెట్టడం. తాడు లాగుడు తిరనాళ్ళ సరదా. కోసి చూసిన ఆ నెలలే చరిత్ర.

మరి అప్పుడు మన గోదావరి మీద ఏం నడిచేవి? ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాటన్ దొర కాలవలు తవ్వించింది పొలాలకి నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. ఆ కాలవల్లో పడవకి ఇంజను గాలి, గెడ, మనిషి భుజం. గట్టు మీద తాడు లాగే మనుషులు. ఇక నది మీద ఎగువకి, వార్ధా దాకా ఆవిరి పడవలు నడపాలని ఆయన కల. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు అందుకు కట్టినవే. దారిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు, వేసవిలో మోకాలి లోతు నీళ్ళు. 1871లో ఆ పని వదిలేశారు. అలాంటి నీళ్ళలో స్క్రూ పనికిరాదు. అది పూర్తిగా మునిగి ఉండాలి, కింద రాళ్ళ నుంచి ఎడం ఉండాలి. లోతు లేని నదుల్లో అందుకే ఆవిరి పడవలకి చాలాకాలం చక్రాలే ఉండేవి. పడవ అడుగున బోర్లించిన దోనెలాంటి గాడి చేసి ఫ్యానుని అందులో దాచే పద్ధతి పందొమ్మిదో శతాబ్దం చివర్లో గట్టిపడింది. నైలు నది మీదకి 1896లో కట్టిన మెలిక్ అనే ఫిరంగి పడవకి రెండు ఫ్యాన్లూ అలాంటి గాళ్ళలోనే ఉన్నాయి. అందుకే ఫ్యాను కొనేముందు ఇంజనుకన్నా ముందు నీళ్ళని చూడమన్నాను. ఎంత లోతు, అడుగున రాయా ఒండ్రా, ఫ్యాను రెక్కకీ పడవ అడుగుకీ మధ్య ఎంత ఖాళీ. ఫ్యాను అడ్డంలో కనీసం పదో వంతు ఖాళీ లేకపోతే, ప్రతి రెక్కా వెళుతూ వెళుతూ పడవని ఒక దెబ్బ కొట్టి పోతుంది. గదిలో టీ కప్పులు గలగలలాడతాయి.

నాన్న గోడ మీద "పురుగు" అని రాసిన ఫ్యాన్లు చిన్నప్పుడు నాకు వింతగా ఉండేవి. రెక్క వీపున చెద తిన్నట్టు గుంటలు. నీళ్ళలో ఇత్తడి తినే పురుగు ఉంటుందని నాన్న నమ్మకం. అది పురుగు కాదని నేను చాలా ఏళ్ళకి చదువుకున్నాను. రెక్క మరీ వేగంగా తిరిగితే దాని వెనక ఒత్తిడి పడిపోయి, చల్లటి నీరే మరిగి బుడగలౌతుంది. ఆ బుడగలు రెక్కని ఆనుకుని పగిలినప్పుడల్లా సన్నటి సుత్తి దెబ్బ. 1893లో డేరింగ్ అనే టార్పెడో ఓడ అనుకున్న వేగం అందుకోలేకపోతే ఆరా తీశారు, అప్పుడే దానికి కేవిటేషన్ అని పేరు పడింది. మరుసటి ఏడు చార్లెస్ పార్సన్స్ ఆవిరి టర్బైనుతో టర్బీనియా అనే సన్నటి ఓడ కట్టాడు. ఒక్క ఫ్యాను పెడితే ఇంజను పిచ్చిగా తిరిగింది, ఓడ మాత్రం ఇరవై నాట్లు దాటలేదు. పార్సన్స్ చిన్న నీటి పెట్టె చేయించి, అందులో బొమ్మ ఫ్యాను తిప్పి, మిణుకు మిణుకు దీపం వెలుతురులో బుడగల్ని కళ్ళతో చూశాడు. చివరికి మూడు షాఫ్టులు వేసి ఒక్కోదానికి మూడేసి, మొత్తం తొమ్మిది ఫ్యాన్లు బిగించాడు. 1897 జూన్‌లో విక్టోరియా రాణి ఉత్సవాలకి బారులు తీరిన నౌకాదళం మధ్య నుంచి ఆ ఓడ దూసుకుపోయింది. దాని వేగం ముప్పై నాలుగు నాట్లు. దాన్ని తరిమి పట్టుకునే పడవ ఆ రోజు అక్కడ లేదు.

ఇక "ఆశ" సంగతి.

1950ల్లో కేరళలో నార్వే సాయంతో మరపడవలు మొదలయ్యాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) నిపుణులు మన తీరాలకి తగిన పడవల నమూనాలు గీశారు. రొయ్యలకి విదేశాల్లో ధర పలికాక మా ఉప్పుటేరు నిండా మరపడవలే. ముందు ఒడ్డుకి చేరినవాడి సరుక్కి పాట ఎక్కువ. నేను ఎస్సెల్సీ చదువుతున్న ఏడు ఒక పడవ యజమాని నాన్న దగ్గరికి వచ్చాడు. పేరు అనవసరం. "మేస్త్రి గారూ, పిచ్చు మూడంగుళాలు పెంచండి, అందరికన్నా ముందు నేను రేవులో ఉండాలి" అన్నాడు.

పిచ్చంటే ఏమిటో నాన్న నాకు నేర్పింది ఈ సందర్భంలోనే. బల్ల మీద ఫ్యానుని బోర్లించాడు. బల్ల మీద ముందే గడియారంలా పన్నెండు గీతలు గీసి ఉన్నాయి. రెక్క మీద మధ్యకి కాస్త బయటగా ఒక చోటు చూసి, ఒక గీత దగ్గర రెక్క ఎత్తు స్కేలుతో కొలిచాడు, పక్క గీత దగ్గర మళ్ళీ కొలిచాడు. "తేడా ఎంతే?" "అంగుళం నాన్నా." "గంట ముల్లు ఒక గంట జరిగితే అంగుళం దిగింది. పన్నెండు గంటలు తిరిగితే?" "పన్నెండంగుళాలు." "అదే పిచ్చు. నీళ్ళు చెక్కలా గట్టిగా ఉంటే ఒక్క చుట్టుకి పడవ అంత ముందుకి పోవాలి. నీళ్ళు చెక్క కాదు గనక అంత పోదు." ట్రిగొనామెట్రీ ఆ తర్వాత మాస్టారు చెప్పారు కానీ, నాకు వచ్చింది మాత్రం ఆ బల్ల దగ్గరే.

పిచ్చు పెంచితే ఇంజను మోయలేదని నాన్నకి తెలుసు. ముందు వద్దన్నాడు. ఆ నెల నా పరీక్ష ఫీజు కట్టాలి. రెక్కలు కాచి, మెలేసి, పిచ్చు పెంచి ఇచ్చాడు. ఖాళీ పడవతో ఉప్పుటేట్లో తిప్పి చూస్తే బాణంలా పోయింది. యజమాని ఆనందం చెప్పనలవి కాదు. ఐస్, వల, డీజిలు, ఏడుగురు మనుషులు ఎక్కి సముద్రం మీదకి వెళ్ళేసరికి పొగ గొట్టం నల్లగా కక్కింది. రెండెడ్ల బండి మీద నాలుగు బళ్ళ బరువు. అయిదో రోజున ఇంజను పట్టేసింది, ఇంకో పడవ తాడేసి లాక్కొచ్చింది. నాన్న ఫ్యాను విప్పి, పాత పిచ్చుతో ఇంకోటి డబ్బుల్లేకుండా బిగించి, దీన్ని గోడకి కొట్టి "ఆశ" అని రాశాడు.

"ఎవరి ఆశ నాన్నా?" అన్నాను.

"ఇద్దరిదీనే" అన్నాడు. ఫీజు రశీదు అప్పుడు నా పుస్తకంలో ఉంది.

1973 తర్వాత డీజిలు ధర మండిపోయాక ఈ పాఠానికి డబ్బు విలువ కూడా వచ్చింది. మద్రాసు కేంద్రంగా 1979లో మొదలైన ఎఫ్‌ఏఓ బంగాళాఖాతం కార్యక్రమం వాళ్ళు చిన్న పడవల ఇంధనం మీద పనిచేసి చెప్పింది కూడా ఇదే దారి. ఫ్యాను పెద్దదిగా పెట్టు, నెమ్మదిగా తిప్పు, ఇంజనుని చివరంటా తోలకు.

మా మేనల్లుడి పాత ఫ్యాను బొడ్డు మీద 16 × 12 అని కొట్టి ఉంది. అడ్డం పదహారు అంగుళాలు, పిచ్చు పన్నెండు. వాడి ఇంజను నిమిషానికి 2,600 చుట్లు తిరగాలని కంపెనీ పలక చెబుతోంది. పోయిన ఏడు పూర్తి థ్రాటిల్ ఇచ్చినా 2,350 దాటలేదన్నాడు, వెనక నల్లటి మసి పడుతోందన్నాడు. అప్పుడు వేగం ఏడున్నర నాట్లు. లెక్క వేయమన్నాను. గేరు సగానికి తగ్గిస్తుంది గనక షాఫ్టు 1,175 చుట్లు, చుట్టుకి ఒక అడుగు, గంటకి 70,500 అడుగులు. అంటే పదకొండున్నర నాట్లకి పైన. పోయింది ఏడున్నర. మూడో వంతుకి పైగా నీళ్ళలో జారిపోయింది. అలాంటి బరువు పడవకి ఆ జారుడు సహజమే, జారకపోతే తోపుడే ఉండదు. తప్పు జారుడులో లేదు, ఇంజను తన చుట్లు అందుకోకపోవడంలో ఉంది. అడ్డం తగ్గిస్తే నీళ్ళ మీద పట్టు పోతుంది. ఒక అంగుళం అడ్డం రెండు మూడంగుళాల పిచ్చంత బరువు మోస్తుంది. అందుకని అడ్డం అలాగే ఉంచి పిచ్చు రెండంగుళాలు తగ్గించి 16 × 10 తెమ్మన్నాను. "ట్యాంకులు నింపి, నీ పెళ్ళాం పిల్లల్నీ సామాన్లనీ ఎక్కించి, అప్పుడు చూడు. ఖాళీ పడవతో చూడకు" అని మరీ మరీ చెప్పాను. ఎందుకో వాడికి తెలుసు. ఆ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇక ఆ గులాబీ రంగు. పడవ ఫ్యాన్లకి వాడే మాంగనీస్ కంచు పేరుకే కంచు, ఒళ్ళంతా ఇత్తడి, అయిదింట రెండు పాళ్ళు జింకు. ఉప్పు నీళ్ళలో జింకు ముందు కరిగిపోతుంది, రాగి స్పాంజిలా మిగులుతుంది. ఆ మిగిలిన రాగి రంగే వాడికి అందంగా కనిపించింది. ఆకారం అలాగే ఉంటుంది, లోపల సత్తువ ఉండదు. దీనికి మందు హంఫ్రీ డేవీ 1824లో కనిపెట్టాడు. ఓడల అడుగున రాగి రేకులు తినేస్తుంటే, వాటికి జింకో ఇనుమో ముక్కలు తగిలించాడు. రాగి బదులు ఆ ముక్కలు కరిగాయి, రాగి బతికింది. కానీ రాగి కరగడం మానేసేసరికి దాని విషానికి దూరంగా ఉన్న గుల్లలన్నీ వచ్చి పట్టేశాయి, ఓడలు నత్తల్లా నడిచాయి. నౌకాదళం ఆ పద్ధతి మానేసింది. ఫ్యానుకి మాత్రం అదే మందు ఇప్పటికీ పనిచేస్తోంది. షాఫ్టుకి జింకు గుండు బిగిస్తారు, సగం తినగానే మారుస్తారు.

"నీ జింకు ఎలా ఉంది?" అని అడిగాను.

"కొత్తదానిలా ఉందత్తా. దాని మీద నీలం పెయింటు కూడా చెక్కుచెదరలేదు."

వాడికి పడవ అమ్మిన మనిషి శుభ్రత కోసం జింకుకి కూడా రంగేసి పెట్టాడు. రంగేసిన జింకు నోరు కుట్టేసిన కాపలా కుక్క. అది తినబడకుండా కూర్చుంది, ఫ్యాను తినబడింది.

షాఫ్టుని పట్టి ఉంచే బుష్ కూడా చూసుకోమన్నాను. ఫ్యాను షాఫ్టు నీళ్ళలోనే తిరుగుతుంది, అక్కడ నూనె నిలవదు. మొదట్లో ఇత్తడి బుష్‌లు వారాల్లో అరిగి ఓడల్లోకి నీళ్ళొచ్చేవి. 1850ల్లో జాన్ పెన్ లిగ్నమ్ విటే అనే నూనె గల గట్టి చెక్క బద్దలు పెట్టి దాన్ని ఆపాడు. ఇప్పుడు వాడేది గాళ్ళున్న రబ్బరు బుష్. అది 1920ల నాటిది. చార్లెస్ షెర్వుడ్ అనే గని ఇంజనీరు నీటి పంపులో బుష్ పోతే వేరే ఏదీ లేక రబ్బరు ముక్క దూర్చాడు. అది అసలు బుష్‌కన్నా ఎక్కువ కాలం మన్నింది. చేతితో పట్టుకుని షాఫ్టుని పైకీ కిందకీ ఊపితే లొడలొడలాడకూడదు. దాని ముందు నైలాన్ తాడు పోగు చుట్టుకుందేమో బ్యాటరీ లైటుతో చూడాలి. మా గోడ మీద "తాడు" అన్న మాట అన్నిటికన్నా ఎక్కువసార్లు ఉండేది.

మూడో ఆదివారం రాత్రి ఫోను వచ్చింది. వెనక గాలి హోరు, పిల్లల కేకలు. "2,580 అత్తా! పొగ లేదు. వేగం మాత్రం అంతే, ఏడున్నర."

"వేగం నీ పడవ పొడుగుని బట్టి. దాన్ని ఫ్యాను పెంచలేదు."

"పాతదాన్ని ఏం చెయ్యను? తుక్కు వాడికి ఇస్తే బానే వస్తుందట."

నాన్న షాపు 1980ల్లో మూసేశాం. గోడ మీద ఫ్యాన్లన్నీ ఒకే రోజు తక్కెట్లో వేసి తుక్కు కింద తూచి అమ్మాం. అప్పుడు నేను కాలేజీలో చరిత్ర పాఠం చెబుతున్నాను, ఇంట్లో ఏం పోతోందో నాకు తట్టలేదు.

"అమ్మకు" అన్నాను. "గరాజు గోడకి మేకు కొట్టి వేలాడదియ్యి. కింద సుద్దతో రాయి."

"ఏమని? తుప్పనా?"

కాసేపు ఆలోచించాను. "రంగు అని రాయి."

ఫోను పెట్టేముందు టంగుమని ఒక మోత వినిపించింది, సన్నగా సాగి ఆగింది. కొత్తదానికి జతగా కొన్న మారు ఫ్యానుని వాడి చిన్నకూతురు చెక్క గరిటెతో కొట్టి చూస్తోందట.